గట్టు మీద అడగకూడని మాట

మా అక్క పేరు మీద ఉన్న ఆస్తి ఒకటే. వాకాడు దిక్కున, ఉప్పుకాలవకు ఇవతల, అమ్మ తన వాటాలోంచి రాసిచ్చిన వరిచేను. ఇల్లు బావ పేరు మీద ఉంది, ఇంటి మీద అప్పు ఉంది. కారు కంపెనీది. నగలు కంపెనీ పెట్టిన కొత్తలోనే పెట్టుబడిలో కలిసిపోయాయి. ఎవరి కాగితాల్లోకీ ఎక్కకుండా మిగిలింది ఆ చేను ఒక్కటే. ఇప్పుడు బ్యాంకువాళ్లు దాన్ని హామీగా అడుగుతున్నారు.

బావది రొయ్యల మేత అమ్మే కంపెనీ. కోట రోడ్డు మీద ఆఫీసు, వెనక గోడౌను. తీరం పొడుగునా రొయ్యల గుంటలు వేసిన రైతులకు పంట నడిచినన్నాళ్లూ మేత అరువిస్తాడు. పట్టుబడి అయ్యాక, అంటే గుంటలో వల వేసి రొయ్యలు పట్టి అమ్ముకున్నాక, వాళ్లు బాకీ తీరుస్తారు. ఆ మధ్యకాలం గడవడానికి బ్యాంకు ఇచ్చే అప్పు ఉంది. దానికి ఒక పరిమితి ఉంటుంది. ఆ ఏడు పరిమితి అంచుదాకా వాడేశాడు. గుంటల్లో సగం పెరిగిన రొయ్య ఉంది, దానికి మేత కావాలి, మేత కొనడానికి డబ్బు కావాలి. పరిమితి పెంచుతాం, కాని ఇంకో ఆస్తి చూపించండి అన్నారు బ్యాంకువాళ్లు. బావ ఒకరోజు అన్నం తింటూ అక్కను అడిగాడట. అక్క చూద్దాంలే అని, మర్నాడు నాకు ఫోన్ చేసింది.

"నువ్వు పేపర్లో కంపెనీల సంగతులు రాసినావు గదా. కాగితాలు పంపిస్తా, చూడు. సంతకం పెట్టమంటావా వద్దంటావా చెప్పు. ఆయనకు గాదు, నాకు చెప్పు."

నేను లెక్కలు చదువుకున్నవాణ్ణి కాదు. నెల్లూరులో ఒక దినపత్రికలో చాలాకాలం జిల్లా వార్తలు రాసి, తర్వాత కొన్నేళ్లు వ్యాపారం పేజీ చూశాను. కంపెనీల ఫలితాలు ఇంగ్లీషులో వచ్చేవి. మేం తెలుగు చేసేవాళ్లం. ఒకసారి క్విక్ రేషియో అన్న మాటను త్వరిత నిష్పత్తి అని రాసి ఇచ్చాను. మా డెస్క్ పెద్దాయన దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, ఇది చదివి కోవూరు బియ్యం వ్యాపారికి ఏం తెలుస్తుంది అని అడిగాడు. నోటితో చెప్పాను. ఏడాది లోపల కంపెనీ తీర్చాల్సిన బాకీలు ఇన్ని ఉన్నాయి అనుకోండి. గోడౌనులో సరుకు ముట్టుకోకుండా, చేతిలో రొక్కం, బ్యాంకులో నిల్వ, ఖాతాదారుల నుంచి రావాల్సింది, ఇవి కలిపితే ఎంత. దీన్ని దానితో భాగించాలి. ఒకటి వస్తే రూపాయి బాకీకి రూపాయి ఉన్నట్టు. ఒకటికి తగ్గితే, అందరూ ఒకే రోజు గడపలోకి వస్తే కొందరు ఉత్త చేతుల్తో పోవాల్సిందే. ఆయన విని, మరి సరుకు ఎందుకు వదిలేస్తారు, అది డబ్బు కాదా అన్నాడు. అవసరం పడి అమ్మేవాడి సరుకుకు ధర చెప్పేది కొనేవాడు గదా సార్ అన్నాను. మైపాడులో పడవ ఇసక తాకినప్పుడు చేపకు ఒక ధర. ఎండెక్కి ఐసు కరిగాక అదే చేపకు ఇంకో ధర. ఇదే రాయి, నిష్పత్తి మాట తీసెయ్ అన్నాడు. అలాగే రాశాను. తర్వాత ఎన్ని కంపెనీల గురించి రాశానో గుర్తులేదు. అందరూ ఒకే రోజు వస్తే అన్నది నాకు భాగహారం చెయ్యడానికి పనికొచ్చే ఊహ మాత్రమే.

అక్క పంపిన కాగితాల్లో దాచిపెట్టిందేమీ లేదు. చేతిలో రొక్కం కొంచెం. బ్యాంకు నిల్వ లేనట్టే. గోడౌనులో మేత బస్తాలు పక్కన పెట్టాను. రైతుల నుంచి రావాల్సింది మాత్రం పెద్ద మొత్తం. కింద, తీర్చాల్సిన వాటిలో, బ్యాంకుకు, మేత తయారుచేసే ఫ్యాక్టరీకి, ఆ పైన ఊళ్లోవాళ్లు వడ్డీకి ఇచ్చిన చేబదుళ్లు. భాగించాను. ఒకటి దాటి కాస్త పైకి వచ్చింది. బావ ఆడిటర్‌కు ఫోన్ చేశాను. ఆయన కొంచెం నొచ్చుకుని, ఒకటి దాటింది గదా సార్, బ్యాంకుకు ఇంకేం కావాల అన్నాడు. నిజమే. బ్యాంకుకు ఇంకేం అక్కర్లేదు.

కాని నాకు ఒకటి నచ్చలేదు. లెక్క పైభాగమంతా దాదాపు రైతుల బాకీలే. వాటి వయసు రాసినచోట ఆర్నెల్లు దాటిన బాకీ ఒక్కటీ లేదు. మన జిల్లాలో పాత బాకీ లేని అంగడి నేను చూడలేదు. కిళ్లీకొట్టుకైనా ఉంటుంది. వెళ్లి చూద్దామని బావవాళ్ల ఊరు కోటకు బస్సెక్కాను.

బావ బస్టాండుకు కారు తెచ్చుకుని వచ్చాడు. భారీ మనిషి, నవ్వితే భుజాలు కదులుతాయి. "ఏం బామ్మర్దీ, మీ అక్క ఆడిటుకు పంపించిందా?" అన్నాడు. కోపం లేదు. ఆయనకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు. అదే ఆయన వ్యాపారం. ఒకప్పుడు వరి విత్తనాలు, ఎరువులు అమ్మేవాడు. చుట్టుపక్కల పొలాలు గుంటలైపోతుంటే తనూ మేతకు మారాడు. లేదు అనే మాట ఆయన నోట రాదు అని రైతులు చెప్పుకునేవాళ్లు. రైతులకు ఆయన అన్న. ఆయనకు వాళ్లు ఖాతాదారులు అన్న మాట ఆడిటర్ రాసేదాకా తెలియదు.

దోవలో తనే అంతా చెప్పాడు. పంట బాగా వస్తే రైతు మొత్తం తీరుస్తాడు. తెల్లమచ్చ తెగులు తగిలినా, రేటు పడినా, ఉన్నది ఇస్తాడు. మిగిలింది కొత్త పంట మేత బిల్లులో కలుస్తుంది. అట్లా కలిస్తే పాత తేదీ పోయి కొత్త తేదీ వస్తుంది. ఆడిటర్‌కు తెలుసా అంటే తెలుసు అన్నాడు. బ్యాంకు నుంచి చూసిపోయేవాళ్లకూ తెలుసట. ఇది మోసం కాదని, తీరంలో అందరూ చేసేదేనని ఆయన ఉద్దేశం. మోసం కాదు కూడా. పాత బాకీ అని పిలిస్తే పాతబడతాది, కొత్త పంటలో కలిపితే కొత్తదే గదా అని నవ్వాడు.

కారు దిగబోయే ముందు ఒక్క హెచ్చరిక చేశాడు. గట్టు మీద బాకీ మాట ఎత్తొద్దు.

అది అక్కడి కట్టుబాటు. గుంటలో రొయ్య ఉన్నంతకాలం గట్టు మీద నిలబడి బాకీ గురించి అడగకూడదు, చెప్పకూడదు. ఎన్ని టన్నులు పడతాయి అని కూడా అడగరు. నీళ్లలో ఉన్నదానికి చెవులుంటాయి అంటారు. వరి రైతుకు పంట కంటికి కనబడుతుంది. వెన్ను ఎంత వంగిందో చూసి దిగుబడి చెప్పేస్తాడు. రొయ్య రైతుకు కనబడేది నీళ్లే. మేత తట్ట పైకి లాగితే అందులో చిక్కిన నాలుగు రొయ్యలు, వాటి రంగు, వాటి పేగులో మేత గీత. మిగతాదంతా నమ్మకం. కనబడని సరుకు చుట్టూ ఇట్లాంటి కట్టుబాట్లు పుడతాయి. నాకు నవ్వు రాలేదు. కాని ఒక సంగతి తట్టింది. పంట నడిచినన్నాళ్లు అడగకూడదు. పంట కాగానే మిగిలిన బాకీ కొత్త పంటలోకి పోతుంది. కొత్త పంట నీళ్లలో పడగానే మళ్లీ అడగకూడదు. అంటే ఈ బాకీని అడగడానికి ఏడాదిలో రోజే లేదు.

ఆ పొద్దంతా గుంటలు తిరిగాం. ప్రతిచోటా కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చారు. రొయ్యపిల్ల గురించి, కరెంటు కోతల గురించి, రేట్ల గురించి మాట్లాడారు. నేను పేపరాయన అని తెలిశాక ఒకాయన, మీకేం సార్, మీ పంటకు తెగుళ్లు లేవు, రోజూ పట్టుబడే అన్నాడు. బాకీ మాట ఎవరూ ఎత్తలేదు. కాని వీడ్కోలుకి వచ్చి, గట్టు దిగి, కారు తలుపు దగ్గర నిలబడ్డాక ప్రతివాడూ తనంతట తనే అనేవాడు: "ఇచ్చినట్టే అన్నా." బావ చెయ్యి ఊపి, వచ్చినట్టేలే అనేవాడు. ఆ మాట అన్నాక బావ ముఖం తేటపడేది. కారులో పాట కూనిరాగం తీసేవాడు. ఆయన మనసులో ఆ డబ్బు వచ్చేసింది. సాయంత్రానికి నాకు అర్థమైంది. ఆడిటర్ అంకెల్లో రాసింది కూడా ఇదే మాట. క్విక్ రేషియో సరుకును వదిలేస్తుంది, బాకీలను ఉంచుతుంది. ఇక్కడ బాకీ అంటే నీళ్లలో ఉన్న సరుకే, అది కూడా ఇంకొకరి గుంటలో.

రాత్రి భోజనానికి ముందే ఆ బాకీల జాబితా ముందు పెట్టుకుని బావను ఒక్కొక్కరి గురించి అడిగాను. రేపు అడిగితే ఇవ్వగలవాళ్లెవరు? ఇస్తానని అనేవాళ్లు కాదు, ఇవ్వగలవాళ్లు. బావ అబద్ధమాడే మనిషి కాదు. చాలామంది దగ్గర తల అడ్డంగా ఊపి, మంచోడే, కాని ఈ పంట చూడాల అన్నాడు. ఆ మంచివాళ్లందరినీ తీసేసి మళ్లీ భాగించాను. రూపాయి బాకీకి పావలా.

మర్నాడు ఆదివారం. అక్క వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది. ఏదో గుంట నుంచి ఎవరో పంపినవి. ఎదురుగా కూర్చుని చెప్పాను. తీర్చాల్సిన రూపాయికి చేతికి అందేది పావలా. కొత్త అప్పు తెచ్చినా అది మేతగా మారి ఆ గుంటల్లోకే పోతుంది. నీ చేను కూడా వాటితో పాటే నీళ్లలోకి దిగుతుంది.

అక్క చేతులు ఆగలేదు. "పెట్టకపోతే?"

"అప్పు రాదు. మేత ఆగిపోతుంది."

"మేత ఆగితే గుంటల్లో ఉండేది?"

"సగం సైజుకే పట్టేసుకుంటారు. బాకీలు రావు."

"అయితే పెట్టినా పోతాది, పెట్టకపోయినా పోతాది."

"పెట్టకపోతే చేనుంటుంది," అన్నాను.

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. ఇంకేదో అడగబోయింది. అప్పటికే బావ హాల్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆయనకు కోపం రావడం నేను చూసింది అప్పుడే. నా మీద కాదు, అక్క మీద కాదు. ఆ పావలా మీద.

"నా రైతుల మాట పావలా చేస్తాదా? లే బామ్మర్దీ. నీ ముందరే అడుగుతా."

అక్క వద్దంది. ఆయన అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.

ఆయన నేరుగా పోయింది అందరికంటే పెద్ద బాకీ ఉన్న రైతు దగ్గరికి. బడిలో బావకంటే రెండు తరగతులు చిన్న. క్రైస్తవుల వీధిలో ఇల్లు, సంఘంలో పెద్ద. ఆరాధన ముగించుకుని ఇంటికి పోకుండా తెల్లచొక్కాతోనే గుంట మీదికి వచ్చాడు, నీళ్లను చిలికి గాలి పట్టించే ఏరేటర్ ఒకటి ఆగిపోయిందని. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, దాన్ని తిప్పి చూస్తున్నాడు. మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు. ఇంటికి పదండి, కూర అయిపోయి ఉంటాది అన్నాడు. ఆ ఆదివారం పాస్టరుగారు తన గుంట కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసిన సంగతి చెప్పాడు.

"మీ బాకీ కూడా ప్రార్థనలో పెట్టినాం అన్నా," అన్నాడు నవ్వుతూ. గట్టు మీద బాకీ మాట రైతు తనకు తాను వేళాకోళంగా అనొచ్చు, దానికి తప్పు లేదు.

ఇంకో రోజైతే బావ కూడా నవ్వి, ప్రార్థనలో పెట్టినదాన్ని బ్యాంకోళ్లు తీసుకోరబ్బయ్యా అని ఉండేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"నా బాకీ ఎప్పుడిస్తావు?"

ఆ రైతు బావ వైపు చూడలేదు. నీళ్లవైపు చూశాడు. కొంచెం దూరంలో మేత చల్లుతున్న పనివాళ్లు చేతులు ఆపి ఇటు తిరిగారు.

"గట్టు మీద అడిగినావే అన్నా," అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. చావు కబురు తెచ్చినవాణ్ణి చూసినట్టు మాట్లాడాడు.

బావ ముఖం మారిపోయింది. ఏదో ఊరికే అన్నానబ్బా, మా బామ్మర్ది ముందర ఆటకన్నా అన్నాడు. చెయ్యి పట్టుకోబోయాడు. ఆ రైతు చెయ్యి ఇచ్చాడు, వెనక్కి తీసుకోలేదు. కాని మళ్లీ కూరకు రమ్మనలేదు. పట్టేస్తాలే అన్నా, అన్నాడు.

బావ వెర్రివాడు కాదు. అడిగిన క్షణంలోనే తెలిసిపోయింది ఆయనకు. ఇన్నేళ్లలో తను ఒక్కసారీ అడగలేదు కాబట్టే, అడిగాడంటే దానికి ఒక్కటే అర్థం.

ఆ రైతు ఆ వారంలోనే పట్టేశాడు. ఇంకో రెండు, రెండున్నర నెలలు ఉంటే కిలోకి ముప్పై తూగే రొయ్య, కిలోకి వంద తూగే రోజుల్లో బయటికి వచ్చింది. చిన్న రొయ్యకు ధర లేదు. గుంట కౌలు, కరెంటు, డీజిలు, కూలీలు పోగా మిగిలింది తెచ్చి ఆఫీసులో ఇచ్చిపోయాడు. అది బాకీలో ఏ మూలకూ రాలేదు. ఆయన తప్పు లేదు. అడిగినవాడికి ఇచ్చాడు.

మిగతావాళ్లకు కబురు పనివాళ్ల నోటే పోయింది. కోట నుంచి ఇందుకూరుపేట దాకా గుంటల మీద ఒకే మాట: ఆయన గట్టు మీద అడిగినాడంట. కంపెనీ మునిగిపోతోందని ఎవరూ అనలేదట. ఆ అవసరం లేకపోయింది. కొందరు ముందే పట్టేశారు. కొందరు ఇంకో మేత అంగడికి మారి, ఆ బాకీ ముందు, ఈ బాకీ తర్వాత అన్నారు. మేత ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది, ఇక మీదట రొక్కం కడితేనే లారీ కదులుతుందని. అక్క సంతకం లేదు కాబట్టి బ్యాంకు పరిమితి పెంచలేదు. తర్వాత ఉన్న పరిమితి కూడా ఆపేసింది.

ఆ తర్వాత అక్కవాళ్ల ఇంటి వరండా నిండింది.

చేబదుళ్లు ఇచ్చినవాళ్లు వాళ్లు. రిటైరైన టీచర్లు, భర్త పోయాక వచ్చిన డబ్బు తెచ్చి ఇచ్చిన ఆడవాళ్లు, పడవ అమ్మేసిన ఒక ముసలాయన, కూతురి చదువుకని దాచుకున్న ఒక ఆరెంపీ డాక్టరు. బావ నెలనెలా వడ్డీ తప్పకుండా ఇచ్చేవాడు. అసలు ఎప్పుడడిగితే అప్పుడు అనే షరతు మీద తీసుకున్నాడు. ఇంతకాలం ఎవరూ అడగలేదు. ఇప్పుడందరూ ఒకేసారి అడిగారు. అరుపులు లేవు. పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లు. ప్లాస్టిక్ కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చి వేశారు. అక్క కాఫీ ఇస్తూ తిరిగేది. నేను నెల్లూరు నుంచి వచ్చి ఆ వరండా మెట్టు దగ్గర నిలబడ్డ రోజు నాకు కాసేపు లోపలికి పోబుద్ధి కాలేదు. ఇన్నేళ్లు నేను అందరూ ఒకే రోజు వస్తే, వస్తే అని రాసింది ఇదే. దానికి మోకాళ్లు ఉంటాయని, మందుల సంచులు ఉంటాయని, అది బాత్రూం ఎక్కడుందని అడుగుతుందని అనుకోలేదు.

లెక్క తప్పలేదు. బావ అడగకముందు కూడా పావలానే. కాని పావలాతో ఎన్ని పంటలు నడిచేదో ఎవరు చెప్పగలరు. తీరమంతా వచ్చినట్టే అన్న మాట మీదే నడుస్తోంది. చాలా కంపెనీలు అట్లా నడిచి, ఒక మంచి పంటతో గట్టెక్కి, తర్వాత ఆడిటర్ రాసిన ఒకటిని నిజం చేసుకున్నాయి కూడా. ఇంకా చాలా కంపెనీలు చేసుకోలేదు. బావది ఏ రకమో తెలిసే వీలు లేకుండా పోయింది.

అక్క సంతకం పెట్టలేదు కాబట్టి చేను మిగిలింది. వరండాలోవాళ్లు వచ్చిన కొన్నాళ్లకు చేను అమ్మేస్తున్నానని నాకు చెప్పింది. నేను ఒప్పుకోలేదు. కంపెనీ బాకీకి నీ ఆస్తికి సంబంధం లేదు, ఏ కోర్టూ నిన్ను అడగదు, నువ్వు డైరెక్టరు కూడా కాదు అని చెప్పాను. నాకు తెలిసిన వకీలుతో కూడా చెప్పించాను. ఆమె ఇద్దరం చెప్పిందీ విన్నది.

"వాళ్లు కంపెనీని చూసి ఇయ్యలేదబ్బా. ఈ ఇంట్లో కాఫీ తాగి, నా ముఖం చూసి ఇచ్చిపోయినారు," అంది.

హామీ మాట వచ్చినప్పుడు చేనుకు బ్యాంకు తరఫున విలువ కట్టినాయన మంచి ధరే రాశాడు. అమ్మకానికి పెట్టాక అందులో సగం కూడా పలకలేదు. అమ్మ రోజుల్లో ఆ చేలో మొలగొలుకుల వడ్లు పండేవి. ఇప్పుడు మూడు వైపులా గుంటలు. వాటి ఉప్పునీళ్లు ఊరి ఊరి చేలో తెల్లగా ఉప్పు తేలింది. వరి నాటితే పిలకలు ఎర్రబడి నిలిచిపోతున్నాయి. కొనడానికి వచ్చినవాడు మట్టి చిటికెడు నాలిక మీద వేసుకుని ఉమ్మేసి, గుంటకు తప్ప దేనికీ పనికిరాదమ్మా అన్నాడు. ఆ చుట్టూ గుంటలకు మేత ఇచ్చింది బావే. అక్క ఆ మాట అనలేదు. నేనూ అనలేదు. బావ ఆ రోజు చేను దగ్గరికి రాలేదు.

రిజిస్ట్రేషను కోటలో అయింది. అక్క సంతకం పెట్టే ముందు కళ్లజోడు తుడుచుకుంది. అంతే. డబ్బు ఇంటికి తెచ్చి, వరండాలో ముందు వచ్చి కూర్చున్న వరసలోనే ఇచ్చింది. వడ్డీ ఎవరూ అడగలేదు. ఆరెంపీ డాక్టరు తనకు రావాల్సిందాంట్లో కొంత వదులుకున్నాడు. రిటైరైన టీచరు ఒకాయన రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు, తర్వాత సిగ్గుపడ్డాడు. వరండా పొడుగులో సగం దాటకముందే డబ్బు అయిపోయింది. మిగిలినవాళ్లకు అక్క చేతులు జోడించింది. వాళ్లు లేచి, ఏదో గొణుక్కుంటూ, కుర్చీలు గోడకు చేర్చి పోయారు. ఒకరిద్దరు తిట్టారు. ఒకామె కొంగుతో ముఖం కప్పుకుని గేటు దగ్గర ఏడ్చింది.

ఇంటికి బ్యాంకు వేలం నోటీసు అంటించింది. బావ ఇప్పుడు ఇంకొకరి మేత గోడౌనులో బస్తాలు లెక్క రాస్తున్నాడు. పొద్దున పోయి పొద్దుగూకి వస్తాడు. గుంటల వైపు పోడు. రైతులు ఎదురైతే వాళ్లే తల తిప్పుకుంటున్నారు, ఈయన మళ్లీ అడుగుతాడేమోనని కాదు, ఇవ్వలేమని. అక్కా ఆయనా మాట్లాడుకుంటారు. పాలవాడి గురించి, గ్యాసు గురించి.

పోయిన నెల నేను వెళ్లినప్పుడు వరండాలో ఒక ముసలామె కూర్చుని ఉంది. అంతకుముందు నేను చూడలేదు. పొదలకూరు దిక్కున కూతురి ఇంటికి పోయి, అక్కడ జబ్బుపడి, అన్నీ అయిపోయాక వచ్చిందట. కబురు ఎవరూ చెప్పలేదు. భర్త ఉప్పు పండించే కొటార్లలో పనిచేసి చనిపోతే వచ్చిన డబ్బు తెచ్చి అక్క చేతికిచ్చిపోయింది. వచ్చిన రోజే అక్క అంతా విడమరిచి చెప్పిందట. ఆమె విన్నది, మర్నాడు మళ్లీ వచ్చింది. అప్పటినుంచి రోజూ వస్తోంది. అక్క కాఫీ ఇస్తుంది. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, ఎండ మెట్లు ఎక్కేదాకా కూర్చుని పోతుంది.

నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆమె నావైపు తిరిగి, నువ్వు పేపరాయనవంట గదా అంది. అవునన్నాను.

"అయితే నీకు తెలిసుంటాది. నా డబ్బులు వస్తాయా నాయనా?"

లోపల అక్క గిన్నెల చప్పుడు ఆగింది.

"రావమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. కొంగు సర్దుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

"అవున్లే. మీ అక్క కూడా అదే చెప్పింది. రేపొస్తా," అని మెట్లు దిగింది.